అరచెయ్యంత సందు

పోయిన వారం కథలో, బైక్ రేసులు నడిపే మన పిట్టను ఒక అట్టపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉండగా వదిలేశాం. ఏడాదిగా ఆమె అన్నయ్య మంచం కింద ఉన్న ఆ పెట్టెను ఆ ఇంట్లో ఎవరూ తాకలేదు. ఊడ్చేటప్పుడు కూడా అమ్మ చీపురు దాని చుట్టూ తిరిగి వచ్చేదే తప్ప దానికి తగిలేది కాదు. అందులో అన్నయ్య బైక్ రేసులకు వేసుకునే సామాను ఉంది: బూట్లు, మోకాలి కవచాలు, చెస్ట్ గార్డ్, మెడకు పెట్టుకునే బ్రేస్. మట్టిదిబ్బల మీంచి గాల్లోకి లేచే బళ్లవి. అలా లేచిన బండి ముందుచక్రం మీద దిగబడటంతో అన్నయ్య ముఖం నేలకు కొట్టుకుంది, తల వెనక్కి విరుచుకుపోయింది. నడుము కింద ఇప్పుడతనికి ఏమీ తెలియదు. చేతులు కదులుతాయి గానీ వేళ్లు చెప్పిన మాట సగమే వింటాయి.

ఏడాది ఇంట్లో కూర్చున్నాక పిట్ట మళ్లీ ట్రాక్ ఎక్కుతానంది. అమ్మ కుట్టుమిషన్ ఆపి ఒకటే మాట అంది. "మీ అన్న బ్రేస్ వేసుకుంటే వెళ్లు. వేసుకోకపోతే బండి తాళం ఈ మిషన్ సొరుగులోనే ఉంటుంది." అన్నాచెల్లెళ్లిద్దరికీ బండి నేర్పిన మామయ్య మాత్రం పెదవి విరిచాడు. "ఎందుకు కోడలా ఆ గుదిబండ? వాడు వేసుకోలేదా? ఏం ఒరగబెట్టింది?"

ఈ ప్రశ్ననే మామయ్య ఇవాళ మధ్యాహ్నం క్లబ్ కమిటీ ముందు పెట్టబోతున్నాడు. ట్రాక్ మీదికి వచ్చే ప్రతి ఒక్కరికీ బ్రేస్ తప్పనిసరి చెయ్యాలా వద్దా అని కమిటీ కూర్చుంటోంది. ఆయన మాట ఎటు ఒరిగితే కమిటీ అటు ఒరుగుతుంది. సొంత మేనల్లుణ్ణి చక్రాల కుర్చీలో చూస్తున్న మనిషికి ఎవరు ఎదురు చెప్తారు?

పిట్ట బ్రేస్ బయటికి తీసి దుమ్ము ఊదింది.

అదేమంత పెద్ద వస్తువు కాదు. భుజాల మీద కూర్చునే ఒక గట్టి కాలరు, లోపల మెత్త, బయట ప్లాస్టిక్కు. తల హద్దు దాటి వాలబోతే హెల్మెట్ అంచు వచ్చి దాని మీద ఆనుతుంది. అక్కడితో ఆగాలని దాన్ని చేసినవాళ్ల ఆశ. ముందు ఒక పలక రొమ్ము మీదికి, వెనక ఒక పలక మెడ కప్పుతూ వీపు మీదికి దిగాలి. ముందుది ఉంది. వెనకది లేదు.

విరిగిపోయిందేమో అనుకుని వేలితో తడిమింది. విరిగినచోటు గరుగ్గా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. పలకను పట్టి ఉంచాల్సిన స్క్రూలు, పట్టుకోవడానికేమీ లేకపోయినా, వాటి రంధ్రాల్లో పొందిగ్గా బిగించి ఉన్నాయి. ఆమె వేలు వాటి మీద ఆగిపోయింది. విషయం వేలికి ముందే తెలిసింది. మనసు మాత్రం తనకింకా తెలియనట్టు కాసేపు నటించింది.

"ఏంటే, కోడిగుడ్డు మీద ఈకలు వెతుకుతున్నావా?" కిటికీ పక్క నుంచి అన్నయ్య అడిగాడు.

"వెనక పలక ఏదన్నయ్యా?"

"పడ్డప్పుడు ఊడిపోయి ఉంటుంది."

"ఊడిపోతూ పోతూ స్క్రూలు బిగించి పోయిందా?"

అన్నయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురింటి గోడ తప్ప అక్కడ చూడటానికేమీ లేదు. ఏడాదిగా చూస్తున్న గోడే. పక్కగదిలో అమ్మ మిషన్ ఒక బారు కుట్టి ఆగింది.

"తలుపు వెయ్యి," అన్నాడు.

పిట్ట తలుపు దగ్గరికి వేసింది.

"ఎడమ బూటులో చూడు. అడుక్కంటా చెయ్యి పెట్టు."

బూటులో ఒక పాత సాక్సు ఉంది. సాక్సులో పలక ఉంది, కొత్తదానిలా, ఒక్క గీత లేకుండా. దాన్ని చేతిలోకి తీసుకోగానే పిట్టకు ముందు నవ్వు వచ్చింది. ఎందుకో తెలియదు. చిన్నప్పుడు ఇంట్లో ఏది పోయినా ఇతని బూట్లోనో జేబులోనో దొరికేది, అందుకేమో. ఆ నవ్వు సగంలోనే ఇంకోలా మారిపోయింది.

"నువ్వే తీశావా?"

"ఊఁ."

"ఎందుకు?"

జవాబుగా అతను కుడిచెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఎత్తడం ఇప్పుడతనికి తేలిక కాదు, భుజంతో విసిరినట్టు ఎత్తాలి. ఎత్తి, తన మెడ వెనక వేసుకున్నాడు, అరచెయ్యి ఆనేలా. అంతే.

పిట్టకు అంతా అర్థమైపోయింది. మామయ్య దగ్గర బండి నేర్చుకున్న ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రతి రైడు ముందు మామయ్య అందర్నీ వరుసలో నిలబెట్టి ఇంజన్లు ఆపించేవాడు. వెనక నుంచి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, హెల్మెట్ కింద మెడ మీద అరచెయ్యి ఆనించేవాడు. బయటివాళ్లు అది దీవెన అనుకునేవాళ్లు. నిజానికి వైద్యుడు నాడి చూసినట్టు ఆయన మెడ చూసేవాడు. మెడ బిగుసుకుని ఉంటే భయం. మరీ మెత్తగా ఉంటే నిద్ర చాలలేదు. చల్లగా చెమటపట్టి ఉంటే ఒంట్లో బాగోలేదని దాస్తున్నారు. "దిగు," అనేవాడు, అంతే. వాదన లేదు. అలా దింపేసినవాళ్లలో ఒకడు సాయంత్రానికి జ్వరంతో వణుకుతూ కనపడ్డాడని క్లబ్బంతా చెప్పుకునేవాళ్లు. మెడ బాగుంటే చెయ్యి ఒక్క క్షణం ఎక్కువసేపు ఉండేది. ఆ ఎక్కువ క్షణం కోసమే వాళ్లందరూ బళ్లు నడిపేవాళ్లంటే అబద్ధం కాదు. నాన్న లేని ఇంట్లో పెరిగిన అన్నాచెల్లెళ్లకు ఆ చెయ్యి ఏమిటో చెప్పక్కర్లేదు.

తర్వాత క్లబ్ అందరికీ బ్రేసులు పంచింది. మొదటి రోజు మామయ్య చెయ్యి అలవాటుగా వచ్చి ప్లాస్టిక్కుకి టక్కున తగిలింది. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, మిగతావాళ్ల దగ్గరికి వెళ్లకుండా షెడ్డులోకి వెళ్లిపోయాడు. ఆ రోజు పిట్ట తన బ్రేస్‌ని క్లబ్ అల్మారాలో పడేసింది, మళ్లీ తియ్యలేదు. అన్నయ్య మాత్రం తనది నిండుగానే వేసుకుంటున్నాడనుకుంది. అన్నయ్య నియమం పాటించే మనిషి అనుకుని లోలోపల కాస్త చిన్నచూపు కూడా చూసింది.

"మరి ఆయన అడగలేదా? ఒక్కసారిగా మెడ ఎలా అందిందని?"

"కొత్తరకం మామయ్యా, వెనక సందు ఉంటుంది అన్నాను."

"నమ్మాడా?"

"నమ్మాలని ఉన్నవాడికి రుజువులెందుకే?"

పిట్ట పలకను ఒళ్లో పెట్టుకుంది. అది అరచెయ్యంత వెడల్పుంది. సరిగ్గా అంత. కొలిచి చేసినట్టు.

"ఇవాళ ఆయన కమిటీ ముందు నీ మాటే చెప్తాడు," అంది. "మా వాడు వేసుకున్నాడు, అయినా మెడ విరిగింది, కాబట్టి ఇది దండగ అంటాడు."

"అననీ."

"అన్నయ్యా."

"అననీ అంటున్నాగా. అయినా, పలక ఉంటే నేను లేచి తిరిగేవాణ్ణా? ఎవరు చెప్పగలరు? కొందరు మంచిదంటారు. కొందరు భుజం ఎముక విరుస్తుందంటారు. వేసుకున్నవాడికి లేనిపోని ధైర్యం వచ్చి ఎక్కువ ఎగురుతాడని ఇంకొందరు. చదువుకున్నవాళ్లకే తేలలేదు, నీకూ నాకూ తేలుతుందా?"

"తేలలేదు అన్నది ఒక మాట. పనికిరాదని తేలిపోయింది అన్నది ఇంకో మాట. మామయ్య చెప్పబోయేది రెండోది. దానికి సాక్షివి నువ్వు."

"నేనెప్పుడు సాక్ష్యం చెప్పాను?"

"నువ్వు నోరు తెరవక్కర్లేదు. ఈ కుర్చీ చెప్తోంది. అది చెప్పేది అబద్ధం."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. ఏడాదిలో ఆ ఇంట్లో ఎవరూ కుర్చీ అన్న మాట అతని ముందు అనలేదు. "లోపలికి తీసుకురా" అనేవాళ్లు, "పక్కకి జరుపు" అనేవాళ్లు, దేన్నో చెప్పకుండా. మాట పైకి వచ్చాక పిట్టకు భయం వేసింది, ఆ వెంటనే కాస్త తేలికా అనిపించింది. అతనికీ అలాగే అనిపించిందేమో, కోపం తెచ్చుకోబోయి మానేశాడు.

"విను," అన్నాడు నెమ్మదిగా. "ఆ రోజు ఆయన నా మెడ మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. 'బాగుందిరా, వెళ్లు' అన్నాడు. నేను వెళ్లాను. తర్వాత సంగతి నీకు తెలుసు. ఇప్పుడు ఆయనకి మిగిలినవి రెండే. తన చెయ్యి తప్పు చెప్పిందనుకోవాలి, లేదా ప్లాస్టిక్కు తప్పు చేసిందనుకోవాలి. ప్లాస్టిక్కునే అనుకోనివ్వు. దానికి నొప్పి ఉండదు."

పిట్ట ఒళ్లో ఉన్న పలకను తిరగేసింది.

"నీ చేతికి దారి ఇవ్వడానికే వీడు పలక తీశాడు మామయ్యా అని పోయి చెప్పు. ఆ మనిషి ఇంకెప్పుడైనా ఎవరి భుజం మీదైనా చెయ్యి వెయ్యగలడా? నా కాళ్లు పోయాయి, అది చాలు. ఆయన చెయ్యి కూడా ఎందుకు?"

అతని మాటలో ఎక్కడో తర్కం ఉంది. ప్రేమకు ఉండే తర్కం అది, దానిలో తప్పు పట్టుకోవాలంటే ప్రేమలోనే తప్పు పట్టాలి. పిట్ట ఆ పని చెయ్యలేకపోయింది. కానీ ఇంకో వైపు నుంచి పట్టుకుంది.

"మరి మిగతావాళ్ల మెడల సంగతి?"

"మన టీమువాళ్లకేం? లంబూ వేసుకుంటున్నాడు, మీసాలూ వేసుకుంటున్నాడు," అన్నాడు అన్నయ్య, కాస్త తొందరగా. "ఆ స్క్రూడ్రైవర్ ఇలా తే. కాదు, నువ్వే పట్టుకో. నా వల్ల కాదుగా."

ఇద్దరూ కలిసి పలక బిగించారు. అంటే అన్నయ్య చెప్పాడు, ఆమె తిప్పింది. "మరీ బిగించకు, ప్లాస్టిక్కు పగులుతుంది. ఆఁ, ఇంకొంచెం. కుడికే తల్లీ, కుడికి. అన్నం తినే చెయ్యి ఏదో మర్చిపోయావా?" పని నడుస్తున్నంతసేపు అతని గొంతు పాత గొంతే. పని అయిపోగానే మళ్లీ చిన్నబోయింది.

"ఒట్టెయ్యి. ఆయనకి చెప్పనని."

పిట్ట బ్రేస్ మెడకు తొడిగింది. తల వెనక్కి వాల్చి చూసింది. పైకప్పు కనపడబోయే చోట ఆగిపోయింది. ఎవరో వెనక నిలబడి, చాల్లే ఇక్కడిదాకా, అన్నట్టుంది.

"నా నోటితో చెప్పను," అంది.

"స్టార్ట్ ముందు ఫోన్ చేస్తాను."

"ఎందుకు?"

"చెయ్యి ఏమందో చెప్పు," అన్నాడు, మళ్లీ గోడ వైపు చూస్తూ. "ఊరికే."

అమ్మ గుమ్మంలోనే ఆపి బ్రేస్‌ని ముందూ వెనకా తడిమి చూసింది. బట్టలో కుట్టు వదులైతే పట్టుకునే వేళ్లవి. బిగించిన స్క్రూల మీద ఆ వేళ్లు ఒక్క నిమిషం ఆగాయి. అమ్మ ఏమీ అడగలేదు. సొరుగు లాగి తాళం చేతిలో పెట్టింది.

"మా తమ్ముడు చిన్నప్పుడు నిచ్చెన ఎక్కేవాడు గానీ దిగేవాడు కాదు, దూకేవాడు," అంది. "కింద చెయ్యి పట్టేదాన్ని నేనే. వాడికి ఆ సంగతి గుర్తులేదు. ఎప్పుడూ దూకినవాడికి పట్టినవాళ్లు గుర్తుండరు. పో, ఆలస్యమవుతోంది."

దారిలో పిట్ట తనతో తాను వాదించుకుంటూ పోయింది. ఇన్నాళ్లూ ఆమెకు తన భయం గురించే బెంగ. బ్రేస్ వేసుకుంటే భయపడ్డట్టు, వేసుకోకపోతే భయం లేనట్టు. ఇంత పెద్ద లెక్క ఇంత చిన్న ప్లాస్టిక్కు మీద ఎలా నిలబెట్టుకుందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేసింది. భయం మెడలో ఉండదు. మామయ్య చెయ్యి దాన్ని అక్కడ వెతికేది కాబట్టి వాళ్లూ అక్కడే దాచుకోవడం నేర్చుకున్నారు. మెడ మెత్తగా ఉంచడం ఒక విద్య అయిపోయింది. పరీక్షలో ఏం అడుగుతారో ముందే తెలిసిన పిల్లల్లాగా, ఆ చెయ్యి వచ్చే క్షణానికి భుజాలు వదులు చేసుకోవడం ప్రతివాడికీ వచ్చు. ఆ రోజు అన్నయ్యకూ వచ్చు. మరి ఆ చెయ్యి విన్నది అతని భయాన్నా, అతని ప్రేమనా?

ఈ ఆలోచన వచ్చిన చోట ఆమె స్కూటర్ వేగం తగ్గించింది. వెనకవాడు హారన్ కొట్టి, పక్క నుంచి పోతూ ఏదో తిట్టాడు. ఆమె పట్టించుకోలేదు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా తేల్చుకుంది: ఏం జరిగినా ఇవాళ ఈ పలక తియ్యదు. చెయ్యి తగలకపోతే తగలకపోయింది. దిగు అంటే దిగదు.

షెడ్డులో ఆమె బండిని ఎవరో తుడిచి పెట్టారు. తోసుకుంటూ బయటికి వచ్చేసరికి వరుస కట్టేసి ఉంది. ఇంజన్లు ఆగి ఉన్నాయి. ఇంజన్లు ఆగిన ట్రాక్ మీద నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలా ఉండదు, చెవిలో ఇంకా మోత ఉన్నట్టే ఉంటుంది. మామయ్య ఆ చివర మొదలుపెట్టబోతున్నాడు. పొట్టిగా, లావుగా, ఎండలో ఎప్పుడూ ఒక కన్ను చికిలించుకుని ఉంటాడు.

ఇన్నేళ్లలో పిట్ట ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు. ఎప్పుడూ వరుసలోనే ఉంది. వరుసలో ఉన్నవాళ్లకి పక్కవాడి భుజం కనిపిస్తుంది, ముందున్న దిబ్బ కనిపిస్తుంది. మెడలు కనిపించవు. మెడలు మామయ్య ఒక్కడికే కనిపించేవి. ఇవాళ మొదటిసారి ఆమె ఆయన నిలబడే వైపు నుంచి, వెనక నుంచి చూసింది.

లంబూ మెడకు బ్రేస్ ఉంది. ముందు పలక, భుజాల మీద కాలరు, అన్నీ ఉన్నాయి. వెనక పలక లేదు. అరచెయ్యంత సందులోంచి చెమటపట్టిన మెడ కనిపిస్తోంది.

మీసాల బ్రేస్‌కూ లేదు.

వాళ్ల పక్కవాడికీ లేదు. చివరన ఉన్నవాడు అన్నయ్య పడ్డాక టీములో చేరినవాడు, అన్నయ్యను చూసి కూడా ఉండడు. అతనికీ లేదు.

పిట్ట కాళ్లు ఆగిపోయాయి. ఎవరు ఎవరికి చెప్పి ఉంటారు? ఎవరూ చెప్పి ఉండరు. ఒకడు పక్కవాణ్ణి చూసి ఉంటాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. ఆ చెయ్యి కావాలంటే చోటు వదలాలి అని అందరికీ తెలుసు, ఎవరూ ఎవరితోనూ అనలేదు. "లంబూ వేసుకుంటున్నాడు, మీసాలూ వేసుకుంటున్నాడు" అని అన్నయ్య తొందరగా అన్న మాట ఇప్పుడు చెవిలో పడింది. అతనికి తెలుసు.

క్లబ్బులో బ్రేస్ మంచిదా కాదా అని ఏడాదిగా తగువులాడుకుంటున్నారు. ఈ టీములో దాన్ని నిండుగా వేసుకున్న మనిషి ఒక్కరైనా ఉంటే కదా తేలడానికి.

"ఏం కోడలా, ముహూర్తం చూసుకుని వచ్చావా?" మామయ్య ఆమెను చూసి పిలిచాడు. "రా రా. నీ చోటు అలాగే ఉంచాం."

పొడుగాటి లంబూ తల తిప్పి చూశాడు. "పిట్ట గూట్లోంచి బయటికొచ్చింది," అన్నాడు.

"నువ్వు ముందు చూడరా కొంగా," అంది పిట్ట. గొంతు మామూలుగానే వచ్చింది. బండి తోసుకొచ్చి వరుసలో తన చోట నిలబెట్టి, ఎక్కి కూర్చుంది. అందరూ నవ్వారు. ఏడాది తర్వాత ఆ నవ్వు వినడం బాగుంది. బాగుండటమే కష్టంగా ఉంది.

మామయ్య ఆ చివర నుంచి రాలేదు. నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"ముందు నీదే చూస్తాను. ఏడాది తుప్పు వదిలిందో లేదో."

ఆమె భుజాలు వదులు చెయ్యలేదు. ఎలా ఉన్నవి అలాగే ఉంచింది. చెయ్యి వచ్చింది.

టక్.

ఆ చప్పుడు వరుసంతా విన్నారు. చెయ్యి వెంటనే పోలేదు. ప్లాస్టిక్కు మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగింది, చీకట్లో స్విచ్ వెతికినట్టు. ఒకచోట ఆగింది.

"ఇది వాడిదే కదా," అన్నాడు మామయ్య.

"అన్నయ్యదే."

"వాడిదానికి ఇక్కడ సందు ఉండేదే."

నోటితో చెప్పనని పిట్ట అన్నయ్యకు మాటిచ్చింది. ఎదురుగా దిబ్బ ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. వెనక మామయ్య ఊపిరి వినిపిస్తోంది.

"కోడలా. వాడిదానికి ఇక్కడ సందు ఉండేది. నా చేతికి తెలుసు."

ఆమె తల తిప్పబోయింది. బ్రేస్ తిప్పనివ్వలేదు. బండి స్టాండు వేసి, దిగి, ఒళ్లంతా తిప్పి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆమె వైపు చూడటం లేదు. వరుస వైపు చూస్తున్నాడు. మెడ మెడకీ ఆయన చూపు ఆగుతూ పోతోంది. ఎన్నోసార్లు చూసిన మెడలే. తన చేతికి అందే మెడలుగానే చూశాడు వాటిని ఇన్నాళ్లూ.

"లంబూ," అన్నాడు. "నీదీ కొత్తరకమేనా?"

లంబూ పెట్రోలు టాంకు మూత కేసి చూస్తున్నాడు.

"మీసాలూ. నిన్నే."

మీసాలు నోరు తెరిచి మూశాడు. అతని చెయ్యి తనకు తెలియకుండానే లేచి మెడ వెనక సందును మూసుకుంది, చిరిగిన చొక్కాను చేత్తో కప్పుకున్నట్టు. అతన్ని చూసి పక్కవాడి చెయ్యీ లేచింది. చివరికి వరుసంతా తమ మెడల మీద తమ చేతులే వేసుకుని, తల వంచుకుని నిలబడింది. మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ మిగల్లేదు.

కమిటీ గది వైపు నుంచి ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఇంకాసేపట్లో ఆయన అక్కడికి వెళ్లి మాట్లాడాలి.

అప్పుడు పిట్ట జేబులో ఫోన్ మోగింది.

ఎవరిదో ఆమెకు తెలుసు. బయటికి తీసింది. అద్దం మీద అన్నయ్య ఫొటో, పడకముందు తీసింది, దుమ్ము కొట్టుకున్న ముఖంతో నవ్వుతున్నది. మామయ్య ఆ ఫొటో చూశాడు. తర్వాత ఆమె మెడకున్న పలక చూశాడు. ఆయన చెయ్యి ముందుకు వచ్చింది, వెల్లకిలా, అరచెయ్యి పైకి. ఎప్పుడూ ఎవరి మెడ మీదో బోర్లా పడే ఆ చేతిని అలా తెరిచి ఉండగా ఆమె చూడటం ఇదే మొదలు. గీతల్లో గ్రీజు ఇంకిపోయి ఉంది.

"ఇలా ఇవ్వు," అన్నాడు.

ఆమె ఇవ్వకపోవచ్చు. ఫోన్ కట్ చేసి, ఏదో ఒకటి చెప్పి, బండెక్కి పోవచ్చు. అన్నయ్యకిచ్చిన మాట నిలబడుతుంది, మామయ్య అనుమానం అనుమానంగానే ఉండిపోతుంది. ఆ అనుమానంతోనే ఆయన కమిటీ ముందుకు వెళ్లి, అలవాటైన మాటే చెప్తాడు. మనిషి తెలియనిదాన్ని ఎన్నాళ్లైనా మొయ్యగలడు. ఈ వరుసలో ఉన్న మెడలు మాత్రం రేపూ ఇలాగే ఖాళీగా ఉంటాయి.

నోటితో చెప్పనని కదా ఒట్టు.

పిట్ట ఆకుపచ్చ బొత్తాం నొక్కి, ఫోన్‌ని ఆ అరచేతిలో పెట్టింది. వేళ్లు మూసుకునేదాకా తన రెండు చేతులతో పట్టి ఉంచింది. మామయ్య దాన్ని చెవి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఇంకా ఏమీ అనలేదు. అవతలి గొంతు మాత్రం, నిశ్శబ్దంగా ఉన్న ట్రాక్ మీద, పక్కనున్న ఆమెకు కూడా స్పష్టంగా వినిపించింది.

"పిట్టా, చెయ్యి పెట్టాడా? ఏమన్నాడే? ఆయనకేం తెలియలేదు కదా?"